‘ఎఫల్జ్’ — ఒక ప్రకాశార్థక క్రియ

ఇంగ్లీషు భాషయందు వెలుఁగును దెలుపు క్రియలు పెక్కులు గలవు. షైన్, గ్లో, గ్లీమ్, గ్లిటర్, గ్లిమర్, స్పార్కిల్, ట్వింకిల్ మున్నగునవి పాఠశాల విద్యార్థులకును దెలిసినవే. వీని నడుమ ‘ఎఫల్జ్’ అను క్రియ యొకటి యున్నది. ఉచ్చారణమున రెండవ యక్షరముపై నూనిక. ఇంగ్లీషు మాతృభాషగాఁ గలవారిలోనే పెక్కండ్రు దీనిని నోటఁ బలికి యెఱుఁగరు. వ్రాయువారు మఱియు నరుదు. పెద్ద నిఘంటువులు దీనిని విడువలేదు కాని, ప్రక్కన అరుదైనదనియో, కావ్యభాషకుఁ జెందినదనియో గుర్తు వేయుట పరిపాటి. అయినను దీనికిఁ దోఁబుట్టువులైన ‘ఎఫల్జెంట్’ అను విశేషణమును, ‘ఎఫల్జెన్స్’ అను నామమును మన దేశమున అచ్చయిన ఇంగ్లీషు గ్రంథములయందుఁ దఱచుగాఁ గనఁబడును. ఉపనిషత్తుల యనువాదములు, స్తోత్రముల వ్యాఖ్యానములు, ఆచార్యుల జీవితచరిత్రములు తెఱచినచో ఈ రెండు పదములు లేని పుస్తకము దొరకుట కష్టము. క్రియ యంత యరుదై, దాని విశేషణ నామములు మన దేశమున నింత సులభములగుటకుఁ గారణమేమి? ఈ క్రియ చెప్పెడి వెలుఁగు ఎట్టి వెలుఁగు? దానికిఁ దెలుఁగున సరిపడు మాట యెయ్యది? ఇవి ఈ వ్యాసమున విచారింపఁదలఁచిన విషయములు.

దీనికిఁ బ్రేరణ తరగతి గదిలోఁ గలిగినది. ఒకనాఁడు అనువాదాభ్యాసమునకై సూర్యుఁడు, కత్తి, కన్నీటిచుక్క, దేవతామూర్తి ముఖము కర్తలుగాఁ గల నాలుగు ఇంగ్లీషు వాక్యము లిచ్చితిని. నాలుగింటను వేర్వేఱు క్రియలున్నవి. విద్యార్థులలో నధికసంఖ్యాకులు నాలుగింటిని ‘ప్రకాశించెను’ అనియే తెనిఁగించిరి. తప్పు వారిది కాదు. వారి చేతులయందున్న చిన్న నిఘంటువులు ఆ నాలుగు క్రియలకును మొదటి యర్థముగా ‘ప్రకాశించు’ అనియే చూపుచున్నవి. కాని కత్తి తళుక్కుమనును, కన్నీటిచుక్క మెఱయును, ఆ రెండును బ్రకాశించుట యెక్కడిది? తెలుఁగున మాటలు లేక యీ దుర్గతి రాలేదు. ఉన్న మాటల నడుమఁ గల గట్లను మఱచుటచేత వచ్చినది. ఒక యరుదైన పరభాషా పదమును శ్రద్ధగాఁ బరిశీలించినచో మన గట్లు మనకు మరలఁ గనఁబడునను నాశతో ఈ పదమును జేపట్టితిని.

‘ఎఫల్జ్’ లాటిను భాషనుండి వచ్చినది. ‘ఫుల్గేరె’ అనఁగా వెలుఁగుట, మెఱయుట. దానికి ముందు ‘ఎక్స్’ అను నుపసర్గము చేరినది; దాని యర్థము ‘వెలికి’ అని. ఉపసర్గాంతమందలి హల్లు తరువాతి ఫకారముతో సవర్ణమై ‘ఎఫ్ఫుల్గేరె’ అయినది. ఇది సంస్కృతమున ‘ఉత్’ అను నుపసర్గము జ్వలశబ్దముతోఁ గూడి ‘ఉజ్జ్వల’ మగుట వంటిది. రూపమునందే కాక యర్థమునందును ఈ రెంటికిఁ బోలిక గలదు. అయితే ‘ఉత్’ పైకి లేచుటను జెప్పును. ‘ఎక్స్’ లోపలినుండి బయటికి వచ్చుటను జెప్పును. ఉజ్జ్వలమైనది మంటవలె నూర్ధ్వముఖమైనది. ‘ఎఫల్జ్’ చెప్పెడి వెలుఁగు కేంద్రమునుండి అన్ని దిక్కులకును బాఱునది. ఈ స్వల్పభేదము తరువాతి విచారమునకుఁ గావలసియున్నది.

‘ఫుల్గేరె’ ధాతువు బంధువర్గము చాల పెద్దది. లాటినున ‘ఫుల్గుర్’ మెఱుపు, ‘ఫుల్మెన్’ పిడుగు. మంట యను నర్థముగల ‘ఫ్లామ్మా’ యు నీ కుటుంబములోనిదే. దానినుండియే ఇంగ్లీషు ‘ఫ్లేమ్’ పుట్టినది. గ్రీకున ‘ఫ్లెగో’ అనఁగాఁ గాల్చుట. ఈ గ్రీకు ధాతువునుండి పుట్టిన ‘ఫ్లెగ్మ’ మొదట వేఁడిని, వాపుతోడి మంటను దెలిపెడిది. వైద్యులు దానిని శరీరములోని నాలుగు రసములలో నొకదానికిఁ బేరుగాఁ బెట్టిరి. ఆ రసమో చల్లనిది, తడియైనది. తుదకు ఇంగ్లీషున ‘ఫ్లెమ్’ అనఁగా మనము కఫమనెడి శ్లేష్మము. అగ్నినుండి పుట్టిన మాట కఫమై కూర్చున్నది! ఇంతకంటె వింత యొకటి కలదు. నలుపు నర్థముగాఁ గల ‘బ్లాక్’ అను ఇంగ్లీషు పదమును ఈ మూలమునకే చేర్తురు: మండినది మాఁడును, మాఁడినది నల్లనగును. వెలుఁగును జీఁకటిని ఒక్క ధాతువు కన్నది.

సంస్కృతమున దీనికి జ్ఞాతులెవ్వరు? 19వ శతాబ్దపు తులనాత్మక శాస్త్రజ్ఞులు భ్రాజధాతువును, భర్గశ్శబ్దమును దీనితో జతపఱచిరి. తరువాతివారు భ్రాజధాతువు విషయమున సందేహించిరి. వారి యాక్షేపము జకారముపై. పాణిని ‘వ్రశ్చ భ్రస్జ’ యని మొదలగు సూత్రమున (8-2-36) భ్రాజధాతువును యజ, సృజాదులతోఁ జేర్చి, దాని జకారమునకు షకారమును విధించెను. అట్టి జకారము మూలభాషలోఁ దాలవ్యమై యుండవలెను. లాటిను గ్రీకుల గకారమునకు అది సరిపడదు. అయితే మన వైయాకరణులే భ్రాజధాతువులు రెండని చెప్పి, ఒకదానికి ‘విభ్రాట్’ అనియు, రెండవదానికి ‘విభ్రాక్’ అనియు రూపములు సాధించిరి. రెండవ రూపము లాటినునకు దగ్గఱగా నున్నట్లు తోఁచును గాని, దానిపై భారము మోపి సిద్ధాంతము చేయుట సాహసము. గాయత్రీమంత్రమువలన నెల్లరకుఁ బరిచితమైన భర్గశ్శబ్దమందు గకారము స్పష్టముగా నున్నది కనుక, ‘ఎఫల్జ్’ లోని ధాతువునకు సంస్కృతమున నిదియే సమీపబంధువని పెక్కండ్ర మతము. భర్గశ్శబ్దమును ‘ఎఫల్జెన్స్’ అని యనువదించువా రున్నారు. వారెఱిఁగి చేసిరో యెఱుఁగక చేసిరో కాని, వేల యేండ్ల క్రిందట విడిపోయిన దాయాదులను ఒక్క పంక్తిలోఁ గూర్చుండఁబెట్టిరి.

ఇఁక ప్రయోగచరిత్రము. ధాత్వర్థమును బట్టియే పదార్థమును నిశ్చయింపరాదనుటకు లాటిను ప్రయోగమే సాక్షి. వర్జిల్ మహాకవి తన ‘ఈనియడ్’ కావ్యము ఎనిమిదవ కాండమున నాయకుని డాలును వర్ణించుచు, దానిపైఁ జెక్కిన సముద్రయుద్ధ దృశ్యమున తరంగములు బంగారముతో వెలుఁగుచున్నవని చెప్పుటకు ఈ క్రియనే వాడెను. అచట వెలుఁగు తరంగములది కాదు, లోహముది; ఆ లోహపు వెలుఁగును స్వయంసిద్ధము కాదు. కనుక లాటినున ఈ క్రియ సొంత వెలుఁగునకే కట్టుపడి యుండలేదు. ఆ కట్టుబాటు ఇంగ్లీషున, అందును మతగ్రంథముల ప్రభావమున, క్రమముగా నేర్పడినది.

ఇంగ్లీషున నామరూపమునకు నిఘంటుకారులు చూపెడి తొలి ప్రయోగము 1667లో వెలువడిన మిల్టను ‘పారడైజ్ లాస్ట్’ కావ్యములోనిది. మూఁడవ కాండమునను ఆఱవ కాండమునను ‘ఎఫల్జెన్స్’ కనఁబడును; రెండుచోట్లను దైవతండ్రి మహిమ కుమారునియందు వెలువడుటను జెప్పు సందర్భమే. అంధుఁడైన కవి వెలుఁగునకై క్రొత్తమాట వెదకుకొనుటలో నొక యార్ద్రత యున్నది. కాని యాతనిని బ్రేరేచినది గ్రీకు బైబిలు పదమని నా తలంపు. దానిని ముందు చెప్పెదను.

క్రియారూపము 18వ శతాబ్ది కవులది. రిచర్డ్ సావేజ్ 1729లోఁ బ్రకటించిన ‘ది వాండరర్’ అను కావ్యమున పుష్యరాగము పసుపువన్నె కాంతిధారలను వెలార్చుచున్నదని చెప్పుటకు దీనిని వాడెను. 1755లో వెలువడిన డాక్టర్ జాన్సన్ నిఘంటువున ఈ క్రియక్రింద ఆ ప్రయోగమే యుదాహృతమైనది. సావేజ్ జాన్సనునకు మిత్రుఁడు. దారిద్ర్యముతో నిరువురును రాత్రులందు లండను వీథులఁ దిరిగినవారు. సావేజ్ 1743లో ఋణబద్ధుఁడై బ్రిస్టల్ చెఱసాలలో మరణించెను. మఱుసటి యేఁడు జాన్సన్ అతని చరిత్రమును వ్రాసి ప్రకటించెను. పదునొకండేండ్లకు అతని పంక్తిని నిఘంటువున నిలిపెను. ఇంగ్లీషువారే మఱచిన ఈ క్రియ యొక్క తొలినాళ్ల ప్రయోగము నేఁటికిని దెలియుచున్నదన్నచో, అందు మిత్రస్నేహమునకును గొంత పాలుండవచ్చును.

సావేజ్ ప్రయోగమున గమనింపఁదగిన విశేష మొకటి. లాటిను క్రియ యకర్మకము; వెలుఁగునది వెలుఁగును, అంతే. సావేజ్ దానిని సకర్మకము చేసెను. పుష్యరాగము కర్త, కాంతిధారలు కర్మ. అతని సమకాలికుఁడును ‘సీజన్స్’ కావ్యకర్తయు నైన జేమ్స్ థామ్సన్ కూడ, కన్నులు ఒక విలక్షణమైన యగ్నిని వెలిగ్రక్కుచున్నవని చెప్పుచు సకర్మకముగానే వాడెను. తరువాతి వెబ్‌స్టర్ నిఘంటువు ఈ రెండు వాడుకలను వేఱుపఱచి, సకర్మకమునకు థామ్సన్ ప్రయోగమును ఉదాహరించినది. కావున ఇంగ్లీషున ఈ క్రియకు రెండు మార్గములు: ఒకటి, సమృద్ధముగా వెలికి వెలుఁగుట, రెండు, కాంతిని, అగ్నిని, మహిమను వెలువరించుట. రెంటియందును వస్తువు తన వెలుఁగునకుఁ దానే యాశ్రయమైనట్లు కవి భావించును. పుష్యరాగము స్వయముగా వెలుఁగదని రత్నపరీక్షకు లెఱుఁగుదురు. కాని కవి దృష్టిలో నది వెలుఁగునకుఁ బుట్టినిల్లు. ఆ భావన లేనిచో ఈ క్రియ యచట నిలువదు.

ఇట్టి క్రియ యేల నిలదొక్కుకొనలేదు? 18వ శతాబ్దమున లాటిను పదములు కావ్యభాషకు భూషణములు. 1800లో వర్డ్స్‌వర్త్ ‘లిరికల్ బాలడ్స్’ రెండవ ముద్రణమునకు వ్రాసిన పీఠికలో అట్టి కృత్రిమ కావ్యభాషను గట్టిగా ఖండించెను. ఆ గాలికి రాలిన యాకులలో నిది యొకటి. మఱియొక కారణము ధ్వని యని నాకుఁ దోఁచును. ‘ఉల్జ్’ అను ముగింపుగల ఇంగ్లీషు క్రియలు కొలఁది: బల్జ్ అనఁగా ఉబ్బుట, ఇండల్జ్ అనఁగాఁ గోరికకు లొంగుట, డివల్జ్ అనఁగా రహస్యమును బయటఁబెట్టుట. ఇట్టి పొరుగువారి నడుమ వెలుఁగును జెప్పెడి మాట రాణింపలేదు. విశేషణరూపమున ఆ మొద్దుధ్వని మృదువగును; కనుకనే ‘ఎఫల్జెంట్’ బ్రదికెను, ‘ఎఫల్జ్’ మూలఁబడెను. దీని జంటయైన ‘రిఫల్జెంట్’ విషయమును నట్లే. ఎమర్సన్ 1838లో హార్వర్డునఁ జేసిన ప్రసిద్ధోపన్యాసము తొలి వాక్యమున వేసవికి ఆ విశేషణమును వాడెను. దాని క్రియారూపమును మాత్రము వాడువారు దాదాపుగా లేరు. నేఁడు ‘ఎఫల్జ్’ను వాక్యమున నిలుపువారు ఇద్దఱు: గంభీరశైలిని గోరువారొకరు, గంభీరశైలిని వెక్కిరించువారొకరు. అనువాదకుఁడు తన యెదుట నున్నవా రెవ్వరో ముందుగాఁ దెలిసికొనవలెను.

ఇరుగుపొరుగు క్రియలతోఁ బోల్చినఁ గాని దీని మేర తెలియదు. ‘కొరస్కేట్’ లాటినుననే పుట్టినది; కదలుచు, కంపించుచు మెఱయుట దాని యర్థము. ఇప్పుడు చమత్కారసంభాషణమునకు ఎక్కువగా వాడుదురు. ‘సింటిలేట్’ స్ఫులింగమునుండి వచ్చినది, రవ్వలు రాల్చుట. ‘ఫల్గ్యురేట్’ మన ధాతువునకే చెందినది కాని మెఱుపువలె క్షణికము. విద్యుత్కణముతో శరీరములోని చెడుకండను మాడ్చుటకు వైద్యు లీ శబ్దము నామరూపమును వాడుదురు. ఈ మూఁడింటను వెలుఁగు తెగితెగి వచ్చునది. ‘ఎఫల్జ్’ చెప్పెడి వెలుఁగు తెగదు. ఇఁక గకారలకార సంయోగముతో మొదలగు దేశీయ క్రియలు గ్లో, గ్లీమ్, గ్లిటర్, గ్లింట్, గ్లిస్టర్ ఒక పెద్ద కుదురు. బంగారమును జెప్పు ‘గోల్డ్’ శబ్దమును, సంస్కృత ‘హిరణ్య’ శబ్దమును ఈ కుదురునకే చేర్తురు. వీనిలోఁ బెక్కులు ఉపరితలపు మెఱుపును జెప్పునవి. ‘గ్లో’ యొక్కటియే లోపలి వెలుఁగును జెప్పును, అదియు మందముగా, నిప్పుకణికవలె. షేక్స్పియరు ‘మర్చెంట్ ఆఫ్ వెనిస్’ నాటకమున బంగారు పెట్టెలో నుంచిన చీటియందు వాడిన క్రియ ‘గ్లిస్టర్’; తరువాత లోకము నాలుకపై నది ‘గ్లిటర్’గా మాఱినది. మోసపుచ్చు మెఱుపును జెప్పవలసిన యా చోట ‘ఎఫల్జ్’ ఎన్నటికిని జొరదు. ‘ఎఫల్జ్’ మోసము చేయు వెలుఁగు కాదు.

ఇది కేవలము పదవిలాసము కాదని చూపుటకు బైబిలులోని యొక వాక్యము చాలును. హెబ్రీయులకు వ్రాసిన పత్రికయందు మొదటి యధ్యాయము మూఁడవ వచనమున కుమారుఁడు దైవమహిమకు ‘అపావ్‌గాస్మ’ అని చెప్పఁబడెను. ఈ గ్రీకు పదమునకు రెండర్థములు సాధ్యములు. ఒకటి, మూలజ్యోతినుండి వెలువడు వెలుఁగు. రెండు, వేఱొకచోటఁ బడి తిరిగివచ్చు వెలుఁగు, అనఁగాఁ బ్రతిఫలనము. 1611 నాఁటి యధికారానువాదము ‘బ్రైట్‌నెస్’ అను సామాన్యపదముతో సరిపుచ్చినది. 1881లో వెలువడిన సవరించిన క్రొత్త నిబంధన ‘ఎఫల్జెన్స్’ అని మార్చినది. 1946 నాఁటి అమెరికా యనువాదము ప్రతిఫలించుట యను నర్థముగల క్రియను వాడినది. తరువాతి యనువాదములు కొన్ని ‘రేడియన్స్’ అనియు, కొన్ని ‘రిఫ్లెక్షన్’ అనియు వ్రాసినవి. ఇది చిన్నతగవు కాదు. 4వ శతాబ్దమున ఏరియస్ మతస్థులతో వాదించుచు అథనేసియస్ ఈ పదమునే యాధారము చేసికొనెను: వెలుఁగు లేని దీప మెప్పుడైన నుండెనా? దీపమున్నప్పుడెల్ల వెలుఁగుండును గదా. అట్లే కుమారుఁడు లేని కాలము లేదు. పదము ప్రతిఫలనార్థకమైనచో ఈ యుపమానము కూలిపోవును. అద్దము లేకున్నను దీపము దీపమే. నూఱుకోట్లకు మించిన జనుల విశ్వాసవాక్యము ఒక యుపసర్గముపై నిలిచియున్నది. 1881 నాఁటి పండితులు అపరిచితమైన పదమును బుద్ధిపూర్వకముగా నేఱుకొనుట యిందుకే. మన తెలుఁగు బైబిలు ఈ చోట ‘తేజస్సు’ అను పదమును వాడినది. తేజస్సు అన్యాశ్రయము కాదు, ఆశ్రయమునకు స్వభావమైనది. కావున ఆ యనువాదకుల యెంపిక 1881 వారి యెంపికకే దగ్గఱగా నున్నది.

మన వాఙ్మయమున దీనికి సాటియైన సందర్భము కఠోపనిషత్తునఁ గలదు. ముండకమునను, శ్వేతాశ్వతరమునను మరలఁ గనఁబడు ఆ ప్రసిద్ధమంత్రమున సూర్యచంద్రులును, విద్యుత్తును, అగ్నియు నచట వెలుఁగవనియు, వెలుఁగుచున్న దాని ననుసరించియే సర్వమును వెలుఁగుననియుఁ జెప్పఁబడెను. ఋషి ఒక్క ‘భా’ ధాతువునే తీసికొని, ఒకచోట ఉపసర్గము లేక, ఒకచోట ‘అను’ చేర్చి, మఱియొకచోట ‘వి’ చేర్చి ప్రయోగించెను. స్వయముగా వెలుఁగునది ‘భాతి’. దాని వెంట వెలుఁగునది ‘అనుభాతి’. దాని కాంతిచే నానావిధముగాఁ గనఁబడునది ‘విభాతి’. ఇంగ్లీషుననువదించువాఁడు ఈ మూఁడింటికిని ఒక్క క్రియను వాడినచో మంత్రము నిస్సారమగును. ‘ఎఫల్జ్’ను వాడఁదలఁచినచో మొదటిదానికే వాడవలెను. ‘వి’ కూడ విస్తారమును జెప్పును గదా యని మూఁడవదానికి వాడినచో, పరతంత్రమైన జగత్తునకు స్వతంత్రమైన వెలుఁగు నంటఁగట్టినట్లగును. మంత్రము చెప్పినదానికి విపరీతము. నిఘంటువు చూచి పని తీర్చుకొనువానికి ఈ ప్రమాదము కనఁబడదు.

ఇఁకఁ దెలుఁగు మాట. మన కవుల చేతిలో ‘రాజిల్లు, విలసిల్లు, వెలయు, ఒప్పు, శోభిల్లు’ అనునవి వెలుఁగు నర్థమును జాలవఱకుఁ గోల్పోయినవి. పద్యపాదము నింపవలసి వచ్చినప్పుడు ఊరు రాజిల్లును, రాజు రాజిల్లును, వాని పాదుకలును రాజిల్లును. వీనిని ‘ఎఫల్జ్’నకుఁ బర్యాయములు చేయరాదు. ‘ప్రకాశించు’ అనునది వెలుఁగును జెప్పును గాని, బయటపడుట యను నర్థము దానికి గాఢముగా నంటియున్నది. పుస్తకమును వెలువరించువారిని ‘ప్రకాశకులు’ అనుట యందువలననే. ‘మెఱయు, తళుకొత్తు, తళతళలాడు, నిగనిగలాడు’ అనునవి నునుపు, నిగ్గు గల పైభాగమును జెప్పునవి. తోమిన చెంబు తళతళలాడును, నూనె రాచిన జుట్టు నిగనిగలాడును. సూర్యుఁడు నిగనిగలాడునని యెవ్వరు నందురు? ‘మినుకుమినుకుమను’ అనునది దూరమైన, దుర్బలమైన వెలుఁగు. ‘ధగధగలాడు’ చాల దగ్గఱకు వచ్చును కాని, అందు చూపరి కన్నులకుఁ గలిగెడి బాధయే ప్రధానము.

‘వెలుఁగు’ అను క్రియ వీనియన్నింటికంటె శుద్ధమైనది. తమిళమున ‘విళంగు’తో దీనిని బోల్తురు, అచటను వెలుఁగుట, స్పష్టమగుట యను రెండర్థములు గలవు. దీపము వెలుఁగును, సూర్యుఁడు వెలుఁగును. కత్తి వెలుఁగదు, మెఱయును. తెలుఁగువాఁడు చదువు రాకున్నను ఈ భేదమును దప్పఁడు. అకర్మకమైన ‘ఎఫల్జ్’నకు ‘వెలుఁగు’ చాలును; సమృద్ధిని జెప్పవలసినచోట ‘దేదీప్యమానమై వెలుఁగు’ అనవచ్చును. ‘దేదీప్యమాన’ శబ్దమున ధాతువు ద్విత్వమును బొందుటచేతనే పౌనఃపున్యము, అతిశయము చేరినవి కనుక వేఱు విశేషణముతోఁ బనిలేదు.

చిక్కు సకర్మకప్రయోగముననే. ‘వెలిఁగించు’ పనికిరాదు. దీపమును వెలిఁగింతుము, అది పరునిచే వెలుఁగునట్లు చేయుట. ‘వెదజల్లు, విరజిమ్ము’ అనునవి పలువురు వాడుచున్నవి; తప్పు లేదు కాని, ఉన్నదానిని చేతఁబట్టి చల్లినట్లుండును. విత్తనములు చల్లువాఁడు విత్తనములకుఁ బుట్టుక కాఁడు. నా దృష్టిలో ఈ చోటఁ దగినది ‘కాంతులీను’ అను దేశీయమైన పలుకుబడి. ‘ఈను’ అను క్రియ పశువుల కాన్పునకు వాడునది. ఆవు ఈనినది, గేదె ఈనినది. వరిపైరు పొట్టకు వచ్చి వెన్నులు తీయుటను సైతము రైతులు ‘ఈనుట’ యందురు. వస్తువు గర్భముననే కాంతి పెరిఁగి, తఱి వచ్చినప్పుడు దానిని జీల్చుకొని వెలికి వచ్చెననుట ఈ మాట లోని చిత్రము. లాటిను ‘ఎక్స్’ చెప్పఁదలఁచినది సరిగా నిదియే. ఇందులోఁ గాంతి కర్మ, వస్తువు కర్త; కనుక వ్యాకరణమునను సావేజ్, థామ్సనుల ప్రయోగముతో సరిపోవును. సావేజ్ పుష్యరాగమును మనము ‘పసిమికాంతులీనుచున్న’దని తెనిఁగించినచో మూలములోని భావన యొక్కటియు జాఱదు. వాడి వాడి యీ పలుకుబడియు నరిగినదని, గృహప్రవేశపు పందిళ్ళు సైతము వార్తాపత్రికలలోఁ గాంతులీనుచున్నవని ఆక్షేపింపవచ్చును. అది మాట తప్పు కాదు. పందిరికిఁ గావలసినది మెఱయు క్రియ.

‘సెల్ఫ్ ఎఫల్జెంట్’ అను సమాసమును గూర్చి యొక్క మాట చెప్పవలసియున్నది. బృహదారణ్యకమునఁ గల ‘స్వయంజ్యోతిః’ అను పదమునకును, వేదాంతుల ‘స్వప్రకాశ’ శబ్దమునకును మన దేశపు టింగ్లీషు అనువాదకులు దీనిని విరివిగా వాడుచున్నారు. తననుండి వెలువడుట ‘ఎఫల్జెంట్’ లోనే యున్నది గనుక ‘సెల్ఫ్’ చేర్చుట పునరుక్తి యని ఇంగ్లీషు శైలీకారుఁ డనవచ్చును. కాని స్వప్రకాశత్వమనఁగాఁ దననుండి వెలుఁగు వచ్చుట మాత్రమే కాదు; తాను తెలియుటకు వేఱొక వెలుఁగు అక్కఱలేకుండుట. దీపమును జూచుటకు వేఱొక దీపము వలదు గాని, కన్ను కావలెను. ఆత్మకు ఆ కన్నును వలదందురు. ఈ రెండవ యర్థమును ‘ఎఫల్జెంట్’ తనంతఁ దాను మోయలేదు, ‘సెల్ఫ్’ మోయుచున్నది. కనుక దీనిని తప్పుగా నెంచక, ఇంగ్లీషునకు మన దేశము చేర్చిన పారిభాషికపదముగా నెంచుట మేలు.

తుదకుఁ జంద్రుని సంగతి. చంద్రునికి సొంత వెలుఁగు లేదని ఆర్యభటుఁడు చెప్పి పదునైదువందల యేండ్లు గడచినవి. నేను వివరించిన నియమము ప్రకారము చంద్రుఁడు ‘ఎఫల్జ్’ చేయరాదు. అయినను ఇంగ్లీషు కవి యెవఁడైనఁ జేయించినచో తెలుఁగు అనువాదకుఁడు కలఁత పడ నక్కఱలేదు. మన భాషలో వెన్నెల వెలుఁగదు, మెఱయదు, కాయును. ఎండయుఁ గాయును. ఈ క్రియ వెలుఁగు పుట్టిన చోటిని గూర్చి ప్రశ్నింపదు. అది వచ్చి పడిన నేలను, ఆ నేలపై నిలిచిన మనుష్యుని మాత్రమే యెఱుఁగును.